గండం తప్పిన రోజే రాసి పెట్టండి

మేష్టారూ,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖ మధురవాడలో ఆదివారాలు పిల్లల్ని కొండలకీ సముద్రం ఒడ్డుకీ తీసుకెళ్ళే చిన్న క్లబ్బు నడుపుతున్నారు. మూడు వారాల కిందట కంబాలకొండ నుంచి దిగుతుంటే ఏడో తరగతి బాబు జారిపడ్డాడు. మోచేయి చీరుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. దారిలో ఉన్న క్లినిక్‌లో వైద్యం చేయించారు. మీరు ఫోన్ చేసేలోపే కట్టు కట్టిన చేతి ఫొటో వాళ్ళమ్మ వాట్సాప్ గ్రూపులో చూసింది. ఇప్పుడు దీన్ని రిపోర్టుగా రాసి పెడదామంటే కమిటీలో పెద్దాయన "చిన్నదానికి రాతకోతలెందుకు, రేపు మన మెడకే చుట్టుకుంటుంది" అంటున్నారు. రాయాలా వద్దా, రాస్తే ఏం రాయాలి, ఎవరికి చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

రాయాలి. అందులో రెండో మాట లేదు. అలాగని పెద్దాయన భయాన్ని నేను కొట్టిపారేయను. ఆయనలాంటి మంచివాళ్ళు చాలామంది ఆ భయంతోనే పెన్ను పక్కన పెట్టేశారు. దాని సంగతి కాసేపాగి చెప్తాను.

నేను గాజువాక వైపు ఒక కర్మాగారంలో భద్రతా విభాగంలో 31 ఏళ్ళు పనిచేశాను. సెలవు రోజుల్లో పిల్లల్ని కొండలెక్కించడం 20 ఏళ్ళకు పైగా చేస్తున్నాను. స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు, పోర్టు, రిఫైనరీ ఉన్న ఊరు మనది. వాటిలో పనిచేసిన వాళ్ళ ఇంట్లో ఎవరినడిగినా 'నియర్ మిస్' అంటే ఏమిటో చెప్తారు. పైనుంచి స్పానర్ జారి మనిషి పక్కన పడితే, ఎవరికీ ఏమీ కాకపోయినా, రాసి ఇవ్వాలి. అదే మనిషి ఆదివారం కొడుకుతో బీచ్‌కి వెళ్తాడు. అల వచ్చి పిల్లాడిని బోర్లా పడేస్తుంది. జబ్బ పట్టుకుని పైకి లాగి "అమ్మయ్య, గండం తప్పింది" అనుకుంటూ ఇంటికొస్తాడు. వాళ్ళమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తుంది. విషయం అక్కడితో సరి. దిష్టి తీయొద్దని నేననను. తీశాక పది నిమిషాలు కూర్చుని రాయమంటాను. మా క్లబ్బులో ఆ పుస్తకానికి పేరు కూడా 'గండం పుస్తకం' అనే పెట్టుకున్నాం. పిల్లలకి 'ఇన్సిడెంట్ రిపోర్ట్' అంటే బెదురు. 'గండం తప్పింది' అంటే అందరికీ తెలుసు.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ కిందట ఒక సంస్థ తరఫున నలభై మంది పిల్లల్ని యారాడ బీచ్‌కి తీసుకెళ్ళాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక లెక్కపెడితే ముప్పై తొమ్మిది. పదకొండు నిమిషాలు వెతికాం. ఆ పదకొండు నిమిషాలూ నా కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. తీరా చూస్తే ఆ పిల్లాడు కొబ్బరిబొండాల బండి వెనక నీడలో నిద్రపోతున్నాడు. అందరం వాణ్ణి ముద్దులాడి, బొండాలు తాగి, బస్సెక్కి వచ్చేశాం. ఎవరమూ ఒక్క ముక్క రాయలేదు. రెండేళ్ళ తర్వాత అదే సంస్థ, అదే ఒడ్డు, లీడర్లు మాత్రం వేరు. భోజనం తర్వాత తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక్కతే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది. అల వెనక్కి లాగేసింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన పరిగెత్తి జుట్టు పట్టుకుని బయటికి తెచ్చాడు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు వెళ్ళి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. ఆ జాలరి తర్వాత మాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది: "ఈ ఏళప్పుడు అల నాగేస్తాది బాబూ. పొద్దున్న మీకు సెప్పినాను గదా." నిజమే, పొద్దున్న ఒక లీడరుకి చెప్పాడు. ఆ లీడరు మిగతా వాళ్ళకి చెప్పలేదు.

ఆ వారం నలుగురు లీడర్లనీ కూర్చోబెట్టి అడిగితే, ముగ్గురు ఒకటే మాట చెప్పారు. పొద్దున్న కట్టిన జతలు భోజనం తర్వాత విడిపోతున్నాయనీ, మధ్యాహ్నం ఎవరు ఎవరితో ఉన్నారో తమకే తెలియడం లేదనీ ముగ్గురూ గమనించారు. తనొక్కడికే అలా అనిపిస్తోందని ఎవరికి వాళ్ళు ఊరుకున్నారు. ఆ పదకొండు నిమిషాల గురించి నేను ఒక్క పేజీ రాసి ఉంటే, 'భోజనం కాగానే మళ్ళీ జతలు కట్టి లెక్కపెట్టాలి' అనే నియమం ఆ అమ్మాయి నీళ్ళలోకి దిగకముందే ఉండేది. ఆ రాయని కాగితం నాది.

1931లో హెచ్.డబ్ల్యూ. హైన్రిచ్ అనే అమెరికన్ బీమా ఉద్యోగి ఒక లెక్క చెప్పాడు. ఒక పెద్ద ప్రమాదం జరిగిందంటే అంతకుముందు అలాంటివే 29 చిన్న గాయాలూ, గాయమే లేని 300 ఘటనలూ జరిగి ఉంటాయని. ఆ అంకెల మీద తర్వాత చాలామంది అభ్యంతరాలు చెప్పారు. నేనూ వాటిని పట్టుకుని వేలాడను. పిల్లల క్లబ్బులో నాకు పనికొచ్చింది అందులోని వరస మాత్రమే. ముందు గాయం లేని రోజులు ఉంటాయి, అవి మనకి కనిపిస్తూనే ఉంటాయి.

ఇక ఏం రాయాలో చూద్దాం. మీ బాబు సంగతే తీసుకుందాం. మామూలుగా మనవాళ్ళు ఇలా రాస్తారు: "విద్యార్థి అజాగ్రత్తగా పరిగెత్తడం వల్ల జారిపడగా స్వల్ప గాయమైంది. వెంటనే వైద్యం అందించబడింది." ఇది తీర్పు. కొండ మీద ఏం జరిగిందో ఇందులో ఒక్క ముక్క లేదు. 'అజాగ్రత్త' అని రాసిన క్షణమే ఇంకేమీ వెతకనక్కర్లేదని మనకి మనం చెప్పేసుకున్నట్టు. నేనైతే ఇలా రాయమంటాను (వివరాలు నేను ఊహించినవి, మీవి మీరు పెట్టుకోండి):

"సాయంత్రం 4:40. దిగుడు దారి, రెండో మలుపు తర్వాత, ఎర్రమట్టి మీద గులకరాళ్ళు. ముందు రాత్రి వాన పడింది. పిల్లలు 26, పెద్దలు 3. బాబు వరసలో చివరి నుంచి నాలుగోవాడు. ముందున్న లీడరు మలుపు దాటిపోయారు, కనిపించడం లేదు. వెనక లీడరు పది అడుగుల దూరంలో. బాబు కాలికి అడుగు అరిగిన స్పోర్ట్స్ షూ. ఎడమ కాలు జారింది, ఎడమ చేయి ఆనించాడు, మోచేయి రాతికి తగిలింది. తల తగల్లేదని బాబు చెప్పాడు, వెనకున్న అమ్మాయి కూడా చెప్పింది. 4:43కి శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాం. 4:55కి రక్తం ఆగింది. 5:50 క్లినిక్. 6:20 తల్లికి ఫోన్."

ఇందులో ఎవరినీ తిట్టలేదు. కానీ చదివినవాడికి వెంటనే ప్రశ్నలు పుట్టుకొస్తాయి. ప్లాను ప్రకారం 3:30కి కింద ఉండాల్సిన వాళ్ళు 4:40కి ఇంకా దిగుతూ ఎందుకున్నారు? బస్సు ఆలస్యమైందా, టిఫిన్ ఆలస్యమైందా? ఆలస్యమైనా పైదాకా వెళ్ళి తీరాలని ఎవరు నిర్ణయించారు? అరిగిన బూట్లు పొద్దున్న ఎవరైనా చూశారా? దెబ్బ 4:40కి తగిలితే తల్లికి 6:20 దాకా ఎందుకు తెలియలేదు? నా అనుభవంలో పది ఘటనల్లో ఏడెనిమిదింటి వేళ్ళు జారిన కాలి దగ్గర ఉండవు, పొద్దున్న బస్సు దగ్గర ఉంటాయి.

రాసే పని చూసినవాళ్ళదే. ఆ రాత్రే, ఇంటికెళ్ళి స్నానం చేసి పడుకునేలోపు. ముగ్గురు చూస్తే ముగ్గురూ విడివిడిగా, మాట్లాడుకోకుండా రాయాలి. మాట్లాడుకుంటే మూడు జ్ఞాపకాలు ఒకటైపోతాయి, అందులో గట్టి గొంతువాడిదే నిలుస్తుంది. మూడు కాగితాల్లో తేడాలుంటే దిద్దకండి, అలాగే ఉంచండి. పెన్నుతో రాయండి. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టండి, వైట్‌నర్ పూయకండి. కంటితో చూసింది ఒకచోట, మీ ఊహ ఇంకోచోట. 'తాగిన నీళ్ళు చాలలేదేమో' అన్నది ఊహ, 'బాబు సీసాలో సగానికి పైగా నీళ్ళున్నాయి' అన్నది చూసినది.

సముద్రం దగ్గరైతే ఇంకొన్ని కావాలి. పోటా పాటా, అమావాస్య పౌర్ణమి ఎంత దగ్గర, గాలి ఎటు, లైఫ్‌గార్డు ఉన్నాడా, జెండా ఏ రంగు, ఒడ్డున జాలర్లు ఏమన్నారు. ఎందుకంటే మన ఒడ్డు నెలనెలా మారిపోతుంది. 1970ల్లో ఔటర్ హార్బరు గోడలు కట్టాక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుక అక్కడ ఆగిపోయింది. ఆర్.కె. బీచ్ వైపు కోత మొదలైంది. పోర్టువాళ్ళు తవ్విన ఇసుకని తెచ్చి పోస్తుంటారు, సముద్రం మళ్ళీ తీసుకుపోతుంది. పోయినేడు పిల్లల్ని మోకాళ్ళ దాకా దింపిన చోటే ఈ ఏడు రెండడుగులు వేస్తే నడుం లోతు ఉండొచ్చు. 'మేం ఎప్పుడూ ఇక్కడే దింపుతాం' అనే మాట ఈ ఊళ్ళో చెల్లదు. తేదీ వేసి రాసుకున్న పుస్తకమే ఆ మార్పు చూపిస్తుంది. ఇంకో మాట: నీళ్ళలోంచి తీసిన పిల్ల దగ్గుతూ ఉంటే, బాగానే ఉన్నానన్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన నీళ్ళు ఇబ్బంది పెట్టడానికి కొన్ని గంటలు పట్టవచ్చు.

తల్లిదండ్రులకి ఫోన్. ఇక్కడే మీకు దెబ్బ తగిలింది, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను. చేయాల్సింది మీరే, పెద్ద లీడరు. డ్రైవరో, తోటి పిల్లాడో కాదు. రక్తం ఆగి పిల్లాడు కుదుటపడగానే, ఆసుపత్రికి బయల్దేరే ముందే. కుట్లు వేయడానికి ముందు తమ అనుమతి అడగాలన్నది అమ్మానాన్నల హక్కు. ఏ మందు పడదో, టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు వేయించారో వాళ్ళకే తెలుసు. "ఏం కాలేదండీ, కంగారు పడకండి" అని మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే తల్లి గుండె ఆగినంత పనవుతుంది. ఇలా చెప్పండి: "అమ్మా, నేను క్లబ్బు మేష్టారిని. బాబు నా పక్కనే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. కొండ దిగుతుంటే జారి ఎడమ మోచేయి చీరుకుంది. కుట్లు పడేలా ఉన్నాయి, ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. ఇదిగో, బాబుతో మాట్లాడండి." పిల్లాడి గొంతు వింటే సగం భయం పోతుంది. ఆ తర్వాత గంటకోసారి, చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా, ఫోన్ చేయండి. ఆ తల్లికి మీరు ఫోన్ చేసేదాకా ఇంట్లో వాళ్ళకి ఫొటో చేరకుండా చూడటం కూడా రిపోర్టింగులో భాగమే. గాయం ఫొటో వైద్యుడి కోసం తీయొచ్చు. అది ఒక్క లీడరు ఫోన్లోనే ఉండాలి. గ్రూపులో పడిన ఫొటో గురించి మీరు ఆవిడకి క్షమాపణ చెప్పారో లేదో రాయలేదు. చెప్పకపోతే ఇంటికెళ్ళి చెప్పి రండి.

ఆసుపత్రిలో నిజమే చెప్పాలి. పిల్లాడు బండ మీంచి పడితే "ఇంట్లో మెట్ల మీద పడ్డాడు" అని చెప్పిన పెద్దవాళ్ళని నేను చూశాను. మెడికో-లీగల్ కేసు రాస్తారని, పోలీసులు వస్తారని భయం. ప్రమాదం కేసుల్లో ఆసుపత్రి పోలీసులకి సమాచారం పంపడం మామూలు పద్ధతి, దానివల్ల ఎవరూ దోషులైపోరు. మెట్ల మీంచి పడటం వేరు, పన్నెండడుగుల బండ మీంచి పడటం వేరు. ఎత్తు తెలిస్తే డాక్టరు మెడా, తలా, పొట్టా చూస్తాడు. తెలియకపోతే మోచేయికి కట్టు కట్టి పంపేస్తాడు. తల ఏ కాస్త తగిలినా సరే, ఆ రాత్రి వాంతులు, మత్తు, తికమక మాటలు, ఫిట్స్, ఎంతకీ తగ్గని తలనొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తేవాలని ఒక కాగితం మీద రాసి తల్లిదండ్రుల చేతికివ్వండి. నోటిమాట అలసటలో మర్చిపోతారు.

పాముకాటు విషయంలో రాత అంటే వైద్యమే. కరిచిన సమయం, మొదటి లక్షణం ఎప్పుడు కనిపించింది, వాపు ఎంతవరకు వచ్చింది. పెన్నుతో చర్మం మీదే వాపు అంచు గీసి పక్కన టైము వేయండి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రాల దగ్గర ఆగొద్దు. అవయవం కదలకుండా బద్ద కట్టి, పిల్లాణ్ణి నడిపించకుండా, విషం విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి మోసుకెళ్ళండి. పాముని చంపి తేనక్కర్లేదు. కట్లపాముతో ఒక చిక్కుంది. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనపడకపోవచ్చు. పొద్దున్నే కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతుంటాయి. అప్పుడు "రాత్రి గుడారంలో నేల మీద పడుకున్నాడు" అన్న ఒక్క వాక్యం డాక్టరుకి చేరడం ప్రాణంతో సమానం.

కంబాలకొండ అభయారణ్యం కాబట్టి గేటు దగ్గర అటవీ సిబ్బందికి అదే రోజు చెప్పాలి. ఆ మలుపులో మట్టి కోసుకుపోయిందని మీరు చెప్తే రేపు ఇంకో బడి పిల్లలకి పనికొస్తుంది. అరకు, పాడేరు వైపు వెళ్తే సంగతి వేరు. 2022 ఏప్రిల్ నుంచి అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి, విశాఖ నగరం స్టేషను వాళ్ళ పరిధి కాదు. బయల్దేరే ముందే ఆ మండలం పోలీసు స్టేషను, దగ్గరి ఆరోగ్య కేంద్రం, ఎక్కడిదాకా అంబులెన్సు వస్తుందో, ఎక్కడినుంచి డోలీ కట్టాలో కాగితం మీద ఉండాలి. 108, 112 అందరికీ తెలుసు. సముద్రంలో కొట్టుకుపోతే తీర రక్షక దళం నంబరు 1554, అది చాలామందికి తెలియదు. సిగ్నల్ లేని లోయలున్నాయి కాబట్టి విశాఖలో ఒక మనిషి ఫోన్ దగ్గర కూర్చోవాలి. "రాత్రి ఎనిమిది లోపు మా నుంచి ఫోన్ రాకపోతే ఈ వరసలో వీళ్ళకి చెయ్యి" అని ఆయన దగ్గర రాసి ఉండాలి. రావాల్సిన ఫోన్ రాకపోవడం కూడా ఒక రిపోర్టే.

ఏజెన్సీలో రాత్రి బస చేసి వచ్చాక రెండు వారాలకీ, మూడు వారాలకీ ప్రతి ఇంటికీ ఫోన్ చేయండి. మలేరియా గానీ, స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) గానీ చాలావరకు అప్పటికి బయటపడతాయి. జ్వరం వచ్చిన పిల్లాడిని గాజువాకలోనో ఎం.వి.పి. కాలనీలోనో చూసే డాక్టరుకి ఈ పిల్లాడు అడవిలో పడుకొచ్చాడని ఎలా తెలుస్తుంది? తల్లి చేత చెప్పించాలి. ఆ పురుగు కుట్టిన చోట, ఒంటి మీద ఎక్కడైనా, నల్లటి పెచ్చు ఉందేమో చూడమనాలి. ఇవి కూడా పుస్తకంలోకి ఎక్కాలి, ఎన్ని రోజులకి వచ్చిందన్న లెక్కతో.

ఒక్క రకం ఘటన మాత్రం ఈ పుస్తకంలోకి రాకూడదు. ఒక పిల్లో పిల్లాడో తనతో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తించారని చెప్పినా, మీకు అనుమానం వచ్చినా, అది మీ కమిటీ విచారణ చేసే విషయం కాదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. సంస్థ నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాడి గురించి దాస్తే ఏడాది దాకా జైలు. పిల్ల చెప్పిన మాటలు చెప్పినట్టే, మీ మాటలు కలపకుండా రాసుకోండి. మళ్ళీ మళ్ళీ అడక్కండి. "నిజమేనా" అని అసలే అడక్కండి. పేరు ఎవరి దగ్గరా అనకండి. ఏం చేయాలో తోచకపోతే 1098కి ఫోన్ చేయండి, ఆ పూటే. పరువు కోసం ఇంటి పెద్దలు, కమిటీ పెద్దలు సర్దుబాటు చేద్దామంటారు. ఆ గదిలో పిల్ల తరఫున ఉండాల్సిన ఒక్క మనిషి మీరే అనుకోండి.

ఇప్పుడు మీ పెద్దాయన భయం సంగతి. 'రాస్తే మెడకు చుట్టుకుంటుంది.' ఆయనకి ఈ సంగతి చెప్పండి. ఇంగ్లండులో 1993 మార్చి 22న లైమ్ బే అనే చోట ఒక సాహస క్రీడల కేంద్రం వాళ్ళు ఎనిమిది మంది విద్యార్థుల్ని, ఒక టీచరుని కయాకుల్లో (తెడ్డుతో నడిపే చిన్న పడవల్లో) సముద్రంలోకి తీసుకెళ్ళారు. గాలికి పడవలు లోపలికి కొట్టుకుపోయాయి. నలుగురు పిల్లలు చనిపోయారు. తిరిగి రావాల్సిన వేళ దాటిపోయినా సహాయం కోసం కబురు వెళ్ళడానికి గంటల తరబడి ఆలస్యమైంది. అంతకుముందు ఏడాదే అక్కడ పనిచేసిన శిక్షకులు, భద్రత సరిగా లేదని యాజమాన్యానికి ఉత్తరం రాసి ఉద్యోగం మానేశారు. కోర్టులో ఆ ఉత్తరం బయటికొచ్చింది, నిర్వాహకుడికి జైలు శిక్ష పడింది. ఆయన మెడకు చుట్టుకున్నది ఉత్తరం రాయడం కాదు, అందిన ఉత్తరాన్ని పక్కన పడేయడం. 1995లో అక్కడ పిల్లల సాహస కేంద్రాలకి ప్రత్యేక చట్టమే తెచ్చారు.

అంత దూరం ఎందుకు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. 2024 జనవరి 18న వడోదర హర్ణి చెరువులో బడి పిల్లల పడవ మునిగి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఇలాంటివి పేపర్లో చదివిన ప్రతిసారీ నేను ఒకటే ఆలోచిస్తాను. అదే ఒడ్డున, అదే పడవలో, అంతకుముందు ఎంతమంది "అమ్మయ్య" అనుకుని ఇంటికెళ్ళారో, వాళ్ళలో ఎవరైనా ఎవరికైనా చెప్పారో లేదో అని.

చట్టం మాట కూడా చెప్తాను, మీ క్లబ్బుకి తగినట్టుగా ఒక న్యాయవాదిని అడిగి రూఢి చేసుకోండి. నిర్లక్ష్యం జరిగిందా అని చూసేటప్పుడు, పిల్లల్ని కాపాడటానికి చేయగలిగినంతా చేశారా అన్నదే ప్రశ్న. ఏ రోజు ఏం చూశారు, చూశాక ఏం మార్చారు అని చూపించే పుస్తకం మీ వైపు సాక్ష్యం. జరిగిన వెంటనే తాను రాసుకున్న కాగితం చూసి జ్ఞాపకం తెచ్చుకునే వీలు సాక్షికి మన సాక్ష్య చట్టమే ఇచ్చింది. రాసి, మార్చకుండా వదిలేస్తే మాత్రం పెద్దాయన భయం నిజమే అవుతుంది. అందుకని ప్రతి పేజీ కింద రెండు గీతలు గీయండి: 'దీనివల్ల ఏం మార్చాం', 'ఎవరు, ఏ తేదీకి'. ఆ రెండూ ఖాళీగా ఉన్న పేజీ ఉంటే తర్వాతి ట్రిప్ వెళ్ళకండి. కేంద్ర పర్యాటక శాఖ 2018లో విడుదల చేసిన సాహస పర్యాటక మార్గదర్శకాలు కూడా చూడండి, ఫారం తయారుచేసుకోవడానికి అక్కరకొస్తాయి. కానీ ఒక పేజీ దాటిన ఫారం ఆదివారం రాత్రి అలసిపోయిన మనిషి నింపడు.

ఇంకొక్కటి. రాసినవాణ్ణి తిట్టకూడదు. మా క్లబ్బులో ఒక కుర్ర లీడరు, తాను బిలే పడుతుండగా (పైకెక్కే పిల్ల తాడుని కింద నుంచి పట్టుకుని కాస్తుండగా) కారబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) స్క్రూ బిగించడం మర్చిపోయానని తనే వచ్చి రాశాడు. పైనున్న పిల్లకి ఏమీ కాలేదు, ఎవరూ చూడలేదు కూడా. ఆ రోజు నేను వాడి మీద అరిచి ఉంటే మా పుస్తకంలో అదే చివరి పేజీ అయ్యేది. అప్పటినుంచి తాడు మీద పిల్ల ఎక్కే ముందు ఇద్దరు చూడాలి, పిల్ల కూడా తన చేత్తో స్క్రూ తిప్పి చూసుకోవాలి అని పెట్టాం. ఉద్దేశపూర్వకంగా చేసినవీ, తాగి వచ్చినవీ, పిల్లల మీద చేయి చేసుకున్నవీ వేరు, వాటికి క్షమ లేదు. మర్చిపోవడం మనిషి లక్షణం.

పిల్లల చేత కూడా రాయించండి. బస్సు తిరిగి వచ్చేటప్పుడు తలా ఒక చీటీ ఇచ్చి "ఈ రోజు నీకు భయం వేసిన చోటు ఏది" అని అడగండి. పేరు రాయక్కర్లేదు. ప్రమాదం అని అడిగితే ఏమీ లేదంటారు, భయం అని అడిగితే చెప్తారు. తొట్లకొండ వెళ్ళొచ్చిన ఒక రోజు పన్నెండు చీటీల్లో రోడ్డు దాటడం అని ఉంది. మేం కొండ గురించీ మెట్ల గురించీ ఆలోచిస్తున్నాం. పిల్లలకి భయం వేసింది భీమిలి రోడ్డు మీద బస్సు దిగి అవతలికి వెళ్ళినప్పుడు. ఇప్పుడు బస్సుని అవతలి వైపుకి తిప్పించాకే దించుతున్నాం.

మీ బాబు విషయంలో ఈ శనివారం ఏం చేయాలో చెప్పి ఆపేస్తాను. ఆ రోజు కొండ మీదున్న ముగ్గురు పెద్దలూ విడివిడిగా రాయండి. క్లినిక్ చీటీ జెరాక్స్ జత చేయండి. బాబుని అడగండి, వాడు చెప్పింది వాడి మాటల్లోనే రాయండి. ఒక కాపీ వాళ్ళ అమ్మకి మీ చేతుల మీదుగా ఇచ్చి, ఆవిడ ఏమన్నారో అదీ రాయండి, కోపంగా అన్నా సరే. మూడు వారాలు ఆలస్యమైంది, గుర్తులేని చోట గుర్తులేదనే రాయండి. పైన ఘటన తేదీ వేయండి. కింద సంతకం దగ్గర మాత్రం మీరు రాస్తున్న రోజు తేదీయే వేయండి.